తప్పు ర్యామ్‌దా, మనం అడిగిన వేగానిదా?

ప్రశ్న: మాది నెల్లూరు. చాలా ఏళ్లుగా చెన్నైలోని వేళచ్చేరిలో ఉంటూ పెళ్లి ఫొటోలు, వీడియోల పని చేసుకుంటున్నాను. కిందటేడు విడిభాగాలు కొని నా చేతులతోనే కంప్యూటర్ బిగించుకున్నాను. రైజెన్ 7 7700 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్‌లు రెండు. పెట్టె మీద వేగం 6000 అని ఉంది. యంత్రం మూల సెట్టింగులుండే బయోస్‌లో, ర్యామ్‌ను ఆ వేగంతో నడిపే ఎక్స్‌పో ఆన్ చేసి వాడాను, ఏ ఇబ్బందీ రాలేదు. వీడియోలకు 32 జీబీ చాలడం లేదని ఈ వేసవిలో అదే కంపెనీ, అదే మోడల్ ర్యామ్ మరో జత తెచ్చి ఖాళీ స్లాట్లలో పెట్టాను. మొదటిసారి ఆన్ చేసినప్పుడు చాలాసేపు తెర నల్లగానే ఉండిపోయింది. ఆ తర్వాత పనిచేసింది కానీ, అప్పటి నుంచి తరచూ బ్లూ స్క్రీన్ వస్తోంది. ప్రతిసారీ వేరే సందేశం. జిప్ ఫైళ్లు విప్పుతుంటే, లోపలి డేటా చెడిందని చెప్పే సీఆర్‌సీ ఎర్రర్ వస్తోంది. కొన్ని ఫొటోలు సగం దాకా బాగుండి, అక్కడి నుంచి కిందికి రంగు మారిపోతున్నాయి. విండోస్‌లో ఉండే మెమొరీ పరీక్ష పెడితే తప్పేమీ లేదంది. ఒక దుకాణంలో విండోస్ మళ్లీ వేయమన్నారు. ఇంకో చోట మదర్‌బోర్డు మార్చమన్నారు. మూడో ఆయన, డీడీఆర్5లో తప్పులు దిద్దుకునే ఏర్పాటు ఉంటుంది కాబట్టి ర్యామ్ మీద అనుమానమే వద్దన్నారు. అసలు నేను ఏది మార్చాలి?
— ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

సమాధానం: ఇప్పటికిప్పుడు ఏదీ మార్చకండి, ఏదీ కొనకండి. మీరు రాసిన లక్షణాలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. నాలుగు ర్యామ్‌లూ మంచివే అయి ఉండవచ్చు. కానీ నాలుగింటినీ కలిపి 6000 వేగంతో నడపమని మీరు ప్రాసెసర్‌ను అడుగుతున్నారు. అది ఆ ప్రాసెసర్ ఒప్పుకున్న పని కాదు.

అయితే కంప్యూటర్ బాగుచేయడం కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఈ క్షణం నుంచి ఆ యంత్రం మీద కస్టమర్ల పని ఆపేయండి. కెమెరా కార్డులను దానిలో పెట్టి కాపీ చేయకండి, కార్డులను ఫార్మాట్ చేయకండి, బ్యాకప్‌లు తీయకండి. బ్లూ స్క్రీన్ చూసి మనం కంగారు పడతాం కానీ, నిజానికి అది యంత్రం తప్పును పసిగట్టి ఆగిపోయిన సందర్భం. పసిగట్టని తప్పులే ప్రమాదం. ఒక ఫైలును ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు కాపీ చేసినప్పుడు అది ర్యామ్ గుండానే వెళ్తుంది. దారిలో ఒక్క బిట్ తారుమారైనా ఎవరూ ఫిర్యాదు చేయరు, ఆ తప్పు అలాగే డిస్కులో స్థిరపడుతుంది. మీ బ్యాకప్ డ్రైవ్‌లో కూడా చేరుతుంది. ఒకరి పెళ్లి మళ్లీ జరగదు. అందుకే ఈ మాట అన్నిటికంటే ముందు చెబుతున్నాను.

మీ ఫొటోలు సగం నుంచి కిందికి రంగు మారడం ఇందుకు మంచి ఉదాహరణ. జేపెగ్ ఫైలులో బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి దాస్తారు. ప్రతి గడి సగటు రంగునూ పూర్తిగా రాయరు, ముందు గడితో పోలిస్తే ఎంత తేడా ఉందో అది మాత్రమే రాస్తారు. కాబట్టి మధ్యలో ఒక చోట విలువ చెడితే ఆ తర్వాతి గళ్లన్నీ ఆ చెడిన విలువ మీదే లెక్క కట్టుకుంటూ పోతాయి. పెళ్లికూతురి నుదుటి బొట్టు దాకా సరిగ్గా ఉన్న బొమ్మ, బుగ్గల దగ్గర నుంచి పచ్చగానో ఊదాగానో మారిపోయేది ఇందుకే. చెడింది ఒక్క బిట్టే అయినా కావచ్చు.

అలాంటి ఫొటో ఒకటి తీసుకుని చిన్న పరీక్ష చేయండి. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, మళ్లీ ఆన్ చేసి ఆ ఫొటో తెరవండి. ఈసారి బాగా కనిపించినా, లేక వేరే చోట చెడినట్టు కనిపించినా, డిస్కులో ఉన్న ఫైలు మంచిదే, చదివేటప్పుడు ర్యామ్‌లో పాడవుతోందన్నమాట. ప్రతిసారీ సరిగ్గా అదే గీత దగ్గర చెడుతుంటే, అదే ఫైలును ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడండి. అక్కడా అలాగే ఉంటే ఆ ఫైలు రాసేటప్పుడే చెడిపోయింది. దాన్ని కెమెరా కార్డు నుంచి మళ్లీ తీసుకోవడం తప్ప మార్గం లేదు. రెండో జత పెట్టిన రోజు నుంచి ఆ యంత్రం గుండా వెళ్లిన ప్రతి పనినీ అనుమానించవలసిందే. మూల కార్డులు ఇంకా చెరిపేయకుండా ఉంటే వాటిని విడిగా తీసి పెట్టండి.

ఇక అసలు కారణం. డీడీఆర్5 ర్యామ్‌కు జెడెక్ అనే ప్రమాణాల సంస్థ 2020లో నియమావళి ఇచ్చింది. దాని ప్రకారం ర్యామ్ 1.1 వోల్టుల దగ్గర నడుస్తుంది. పెట్టె మీద కనిపించే 6000 ఆ నియమావళి ప్రకారం తనంతట తాను వచ్చే వేగం కాదు. ర్యామ్ తయారీదారు, ఎక్కువ వోల్టేజీ ఇస్తే ఈ జత ఈ వేగాన్ని అందుకుంటుందని పరీక్షించి, ఆ సెట్టింగులను ర్యామ్ మీదే ఉండే చిన్న చిప్పులో రాసి పెడతాడు. ఆ సెట్టింగులకు, మీ రైజెన్ ప్రాసెసర్‌ను తయారుచేసే ఏఎండీ 2022లో పెట్టిన పేరే ఎక్స్‌పో. ఇంటెల్ వైపు ఇదే పనిని ఎక్స్ఎంపీ చేస్తుంది. ఏఎండీ లెక్కలో ఎక్స్‌పో ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకింగే, అంటే ప్రకటించిన హద్దు దాటి నడపడమే. కాబట్టి పెట్టె మీది అంకె ర్యామ్ గురించి చెప్పిన మాట మాత్రమే. మీ ప్రాసెసర్, మీ మదర్‌బోర్డు తరఫున ఎవరూ ఆ మాట ఇవ్వలేదు.

ప్రాసెసర్ తరఫు మాట వేరే ఉంది. ర్యామ్‌తో మాట్లాడే మెమొరీ కంట్రోలర్ ఇప్పుడు మదర్‌బోర్డు మీద ఉండదు, ప్రాసెసర్ లోపలే ఉంటుంది. మీ రైజెన్ 7000 తరగతికి ఏఎండీ ప్రకటించిన గరిష్ఠ మెమొరీ వేగం రెండు స్టిక్కులకు, అంటే రెండు ర్యామ్ పలకలకు, 5200. అదే నాలుగు స్టిక్కులు పెడితే 3600. ఈ రెండో అంకెను దుకాణంలో చెప్పేవాళ్లు చాలా తక్కువ. మీరు రెండు స్టిక్కులతో 6000 నడిపినప్పుడే ప్రకటించిన హద్దు దాటారు. చాలా ప్రాసెసర్లు అక్కడి దాకా హాయిగా నడుస్తాయి కాబట్టి మీకు తెలియలేదు. నాలుగింటితో 6000 అంటే హద్దుకు చాలా దూరం వెళ్లిపోయారు.

నాలుగైతే ఎందుకు కష్టం? మీ బోర్డులో స్లాట్లు నాలుగున్నా, ప్రాసెసర్ నుంచి వచ్చే మెమొరీ దారులు రెండే. వాటినే ఛానెళ్లు అంటారు. ఒక్కో దారి మీద రెండేసి స్లాట్లు ఉంటాయి. ఒక దారికి ఒకే స్టిక్కు ఉన్నప్పుడు సంకేతం నేరుగా వెళ్లి వస్తుంది. రెండోది కూడా తగిలిస్తే కంట్రోలర్ మీద బరువు పెరుగుతుంది, సంకేతం కొంత అక్కడ తగిలి వెనక్కి తిరిగి అసలు సంకేతంలో కలుస్తుంది. సెకనుకు 600 కోట్ల సార్లు ఒకటా సున్నానా అని తేల్చుకోవలసిన చోట ఆ కాస్త కలగలుపు చాలు, ఒకటి సున్నాగా కనిపించడానికి. అది ఎప్పుడు, ఏ చిరునామాలో జరుగుతుందో చెప్పలేం. అందుకే మీకు ఒకసారి మెమొరీ మేనేజ్‌మెంట్ అని, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ అని, మరోసారి ఐఆర్‌క్యూఎల్ అని రకరకాల సందేశాలు వస్తున్నాయి. ఎప్పుడూ ఒకే సందేశం వస్తుంటే ఏదో ఒక డ్రైవర్‌ను అనుమానించవచ్చు. పూటకో సందేశం అంటే మొదట చూడవలసింది మెమొరీనే.

అదే కంపెనీ, అదే మోడల్ కొన్నారు కదా అంటారేమో. పేరు ఒకటే అయినా లోపలి చిప్పులు ఒకటే కావాలని లేదు. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ చేసే చిప్పులనే మిగతా కంపెనీలు ఎక్కువగా కొని స్టిక్కులుగా అమ్ముతాయి. ఒకే మోడల్ పేరు కింద వేరే విడతలో వేరే చిప్పులు రావచ్చు. రెండు స్టిక్కుల పెట్టెను తయారీదారు ఆ రెండింటినీ కలిపి నడిపి చూసే అమ్ముతాడు. మీ రెండు జతలు కలిసి నడుస్తాయని ఎవరూ పరీక్షించలేదు.

డీడీఆర్5 తన తప్పులు తానే దిద్దుకుంటుందన్న మూడో దుకాణం ఆయన మాటలో సగం నిజం ఉంది. చిప్పు లోపల దాచిన బిట్టు చెడితే దిద్దే ఏర్పాటు ప్రతి డీడీఆర్5 చిప్పులోనూ ఉంటుంది. కానీ ఆ కాపలా చిప్పు గడప దాటదు. చిప్పు నుంచి ప్రాసెసర్ దాకా వెళ్లే దారిలో చెడితే అది చూడదు. మీ సమస్య ఆ దారిలోనే ఉన్నట్టుంది. దారి పొడుగునా కాపలా ఉండాలంటే సర్వర్లలో వాడే అసలైన ఈసీసీ ర్యామ్ కావాలి. దాని మీద అదనపు చిప్పులు ఉంటాయి, ధరా ఎక్కువే.

మొదటిసారి తెర నల్లగా ఉండిపోవడం గురించి బెంగ వద్దు. కొత్త ర్యామ్ పెట్టగానే బోర్డు ఒక్కో స్టిక్కుతో సంకేతాల సమయాన్ని సరిచూసుకుంటుంది. దీన్నే మెమొరీ ట్రైనింగ్ అంటారు. మీ తరగతి బోర్డుల్లో, అందులోనూ నాలుగు స్టిక్కులుంటే, దీనికి నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో కంగారుపడి కరెంటు తీసేస్తే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. ఇక్కడ నేను చెప్పబోయే మార్పులు చేసినప్పుడు కూడా ఇలాగే నల్లతెర వస్తుంది, ఓపిక పట్టండి.

ఇప్పుడు చేయవలసిన పని. బయోస్‌లోకి వెళ్లే ముందు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో బిట్‌లాకర్ రికవరీ కీ ఉందేమో చూసి కాగితం మీద రాసుకోండి. విండోస్ 11 చాలా యంత్రాల్లో డిస్కును తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. బయోస్‌లో కొన్ని మార్పులు చేశాక ఆ కీ ఇస్తే తప్ప లోపలికి రానివ్వదు. దాదాపు 50 అంకెల కీ అది, అప్పటికప్పుడు వెతుక్కోవడం నరకం.

తర్వాత బయోస్‌లో డిఫాల్ట్ సెట్టింగులను లోడ్ చేయండి. ఎక్స్‌పో ఒక్కటే ఆపితే సరిపోదు. ఎప్పుడో సరదాగా మార్చిన పీబీఓ, కర్వ్ ఆప్టిమైజర్ లాంటి ప్రాసెసర్ వేగం, వోల్టేజీ సెట్టింగులు ఏమైనా ఉంటే అవి కూడా పోవాలి. ప్రాసెసర్ వోల్టేజీని మరీ తగ్గించినా ఇవే లక్షణాలు వస్తాయి. సేవ్ చేసి బయటకు వచ్చాక టాస్క్ మేనేజర్‌లో మెమొరీ వేగం ఎంత చూపిస్తోందో చూడండి. 3600 అని ఉంటే మనం అనుకున్న చోటికి వచ్చినట్టే. అంతకంటే ఎక్కువ ఉంటే బయోస్‌లో వేగాన్ని చేత్తో 3600కు తగ్గించండి. సీపీయూ-జెడ్ లాంటి ప్రోగ్రాముల్లో 1800 అని కనిపిస్తే తప్పనుకోకండి. ఒక్కో గడియారపు విడతకు రెండుసార్లు డేటా వెళ్తుంది కాబట్టి అక్కడ సగం అంకె చూపిస్తారు.

ఇదే సమయంలో మీ మదర్‌బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో కొత్త బయోస్ ఉంటే వేసుకోండి. మీ బోర్డులాగా ఏఎం5 రకం ప్రాసెసర్ సాకెట్ ఉన్న బోర్డులకు మొదట వచ్చిన బయోస్‌లకూ తర్వాత వచ్చినవాటికీ మెమొరీ విషయంలో తేడా బాగా ఉంది. అయితే ఎక్స్‌పో ఆన్‌లో ఉండగా, యంత్రం తడబడుతుండగా బయోస్ వేయకండి. మధ్యలో ఆగిపోతే బోర్డే పోవచ్చు. డిఫాల్ట్‌కు తెచ్చాకే, పెన్ డ్రైవ్ నుంచి, యూపీఎస్ మీద ఉండగా వేయండి. వేసవి మధ్యాహ్నాల్లో వీధిలోని ఏసీలన్నీ ఒకేసారి నడిచే వేళ కాకుండా పొద్దున్నే ఆ పని పెట్టుకుంటే మేలు.

ఇప్పుడు పరీక్ష. విండోస్‌లో ఉండే మెమొరీ పరీక్ష పూర్తిగా చచ్చిన చిప్పును పట్టుకుంటుంది కానీ, ఇలాంటి అంచు మీది తప్పులను చాలావరకు వదిలేస్తుంది. అది తప్పు లేదన్నంత మాత్రాన నిశ్చింత పడకూడదు. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామును ఇంకో కంప్యూటర్ మీద పెన్ డ్రైవ్‌కు ఎక్కించి, దానితో మీ యంత్రాన్ని బూట్ చేయండి. బూట్ కాకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపండి. 64 జీబీ మొత్తం ఒక చుట్టు తిరగడానికే గంటలు పడుతుంది. రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టండి. ఒక్క చుట్టుతో ఆపకండి, కనీసం నాలుగు చుట్లు పూర్తి కానివ్వండి. ఎన్ని తప్పులైతే ఫరవాలేదని అడిగేవాళ్లున్నారు. ఒక్కటి కూడా ఫరవాలేదని అనలేం. ర్యామ్ విషయంలో సున్నా ఒక్కటే అంగీకరించదగ్గ అంకె.

తెర మీద ఎర్ర వరుసలు వస్తే వాటిని చూసి వెంటనే ఆపేయకండి, ఫోనుతో ఫొటో తీసుకోండి. ప్రతి వరుసలో తప్పు జరిగిన చిరునామా, అక్కడ ఉండవలసిన విలువ, నిజంగా దొరికిన విలువ పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండు విలువలను అక్షరం అక్షరం పోల్చి చూడండి. ప్రతి వరుసలో ఒకే స్థానంలో తేడా ఉండి, చిరునామాలు కూడా ఒకే ప్రాంతంలో ఉండి, ఎన్నిసార్లు పెట్టినా అక్కడే తప్పు వస్తుంటే ఒక చిప్పులో ఒక గది చచ్చిపోయిందని అర్థం. అది వేగం తగ్గిస్తే బాగయ్యే జబ్బు కాదు, ఆ స్టిక్కును వారంటీలో మార్చుకోవాలి. అలా కాకుండా తప్పులు ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ, మొదటి చుట్టులో ఏమీ లేకుండా మూడో చుట్టులో వస్తుంటే అది సెట్టింగుల సమస్య, లేదా వేడి సమస్య. ఈ ఒక్క తేడా గుర్తుపట్టలేకనే మంచి ర్యామ్‌లు వాపసు పోతుంటాయి, చెడ్డ సెట్టింగులు అలాగే ఉండిపోతాయి.

3600 దగ్గర నాలుగు చుట్లూ శుభ్రంగా గడిస్తే కారణం దొరికినట్టే. మీ విషయంలో ఇదే జరుగుతుందని నా గట్టి నమ్మకం. విండోస్‌లోకి వచ్చి సిస్టమ్ ఫైళ్లను సరిచూసే ఎస్ఎఫ్‌సీ స్కాన్ ఒకసారి నడపండి. ఇన్నాళ్ల తప్పుల్లో విండోస్ సొంత ఫైళ్లు కూడా కొన్ని చెడి ఉండవచ్చు. విండోస్ మళ్లీ వేయమన్న మొదటి దుకాణం సలహా అవసరమైతే ఇక్కడ పనికొస్తుంది, ఇంతకు ముందు కాదు. తడబడే ర్యామ్ మీద కొత్త విండోస్ వేస్తే అది వేస్తుండగానే చెడుతుంది.

3600 దగ్గర కూడా తప్పులు వస్తే అప్పుడు కరెంటు తీసి కేబినెట్ విప్పండి. కేబినెట్‌లో కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి. కేబినెట్ లోహాన్ని ఒకసారి తాకి పని మొదలుపెట్టండి. పాత జత మాత్రం ఉంచి కొత్త జత తీసేయండి. రెండే ఉన్నప్పుడు అవి ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండు, నాలుగో స్లాట్లలో ఉండాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. స్టిక్కు కూర్చునేటప్పుడు బొటనవేళ్లతో రెండు చివరలా సమానంగా నొక్కాలి. చాలా బోర్డుల్లో ఇప్పుడు క్లిప్పు ఒకవైపే ఉంటుంది. క్లిప్పు టక్కున పడిన శబ్దం విని వదిలేస్తాం కానీ, క్లిప్పు లేని వైపు వెంట్రుకవాసి పైకి లేచి ఉండటం తరచూ జరుగుతుంది. టార్చి వేసి పక్క నుంచి చూడండి, బంగారు పూత గీత రెండు చివరలా ఒకేలా మునిగి ఉండాలి. పాత జతతో పరీక్ష, తర్వాత అవే స్లాట్లలో కొత్త జతతో పరీక్ష. ఒక జత తప్పిందంటే దానిలో ఒక్కొక్క స్టిక్కునే పెట్టి చూడండి. ఒక్కసారి ఒక్క మార్పే చేయండి, ఏ స్టిక్కు ఏ స్లాటులో ఉండగా ఏం జరిగిందో రాసుకోండి. స్టిక్కుల మీద చిన్న టేపు ముక్క అంటించి అంకెలు వేస్తే గందరగోళం ఉండదు.

తప్పు స్టిక్కుతో పాటు కదులుతోందా, స్లాటుతో పాటు ఉండిపోతోందా అన్నదే ఇక్కడ చూడవలసింది. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాటులో తప్పు వస్తే ప్రాసెసర్ సాకెట్‌ను చూడాలి. ఏఎం5లో 1718 సూదులు ప్రాసెసర్‌కు కాకుండా బోర్డుకే ఉంటాయి. బిగించేటప్పుడు ప్రాసెసర్ మూల తగిలితే ఒకటో రెండో వంగుతాయి. నేరుగా పైనుంచి చూస్తే కనిపించదు. ఫోను కెమెరా దగ్గరగా పెట్టి, దీపాన్ని ఏటవాలుగా పట్టుకుని చూస్తే వరుసలన్నీ ఒకే మెరుపుతో కనిపిస్తాయి, వంగిన సూది ఒక్కటి మాత్రం నల్లటి చుక్కలా మెరుపు లేకుండా ఉంటుంది. కూలర్ స్క్రూలను ఒకవైపే మరీ గట్టిగా బిగించినా ప్రాసెసర్ ఒక పక్కకు ఒరిగి ఒక ఛానెల్ తడబడవచ్చు. విప్పి ఎదురెదురు మూలలు కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. మీ యంత్రం కొత్త జత పెట్టే వరకు బాగానే నడిచింది కాబట్టి వీటి దాకా రావలసిన అవసరం ఉండదనుకుంటున్నాను. మదర్‌బోర్డు మార్చమన్న సలహా ఇంత దూరం వచ్చాకే వినాలి.

ర్యామ్ కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్దమని ఎవరో ఒకరు చెబుతారు. వద్దు. ఆ బంగారు పూత చాలా పలుచన, రబ్బరు దాన్ని అరగదీస్తుంది, పొడి స్లాటులో పడుతుంది. తడిగాలి వల్ల మురికి పట్టిందనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన నూలు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి.

వేడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీరుండేది చెన్నైలో, కొత్త జత పెట్టింది ఎండాకాలంలో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే నెల ఎండను తమిళులు కత్తిరి వెయిల్ అంటారు. ఆ రోజుల్లో ఏసీ లేని గదిలో కేబినెట్ లోపలి పరిస్థితి ఊహించుకోండి. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక సూక్ష్మమైన కెపాసిటర్‌లో దాచిన విద్యుదావేశం. అది చిల్లికుండలో నీళ్ల లాంటిది, కారుతూనే ఉంటుంది, ఖాళీ అయ్యేలోగా మళ్లీ నింపాలి. డీడీఆర్5లో మామూలు వేడి దగ్గర ప్రతి బిట్టునూ 32 మిల్లీసెకన్లకు ఒకసారి నింపుతారు. వేడెక్కే కొద్దీ కారడం ఎక్కువవుతుంది. చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే రెట్టింపు సార్లు నింపాలని నియమావళే చెబుతుంది. ఎక్స్‌పో సెట్టింగులు వోల్టేజీ పెంచి వేడిని ఇంకా పెంచుతాయి. పైగా డీడీఆర్5లో వోల్టేజీని సరిచేసే చిప్పు కూడా స్టిక్కు మీదే ఉంటుంది, దాని వేడి దానికి తోడవుతుంది. నాలుగు స్టిక్కులు పక్కపక్కనే ఉంటే మధ్యవాటికి గాలి ఆడదు. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడిగాలి నేరుగా వాటి మీదికే లేస్తుంది.

హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రాములో ప్రతి స్టిక్కు వేడి విడిగా కనిపిస్తుంది. వీడియో రెండరింగ్ పెట్టి, అరగంట తర్వాత ఆ అంకెలు చూడండి. వేగం పెంచి నడుపుతున్న ర్యామ్ 60 డిగ్రీలు దాటుతుంటే నేను ఊరుకోను. కేబినెట్ ముందు ఫ్యాన్ల జాలీలో దుమ్ము దులపండి, వెనక గోడకు జానెడు ఎడం ఇవ్వండి, కుదిరితే స్టిక్కుల మీదికి గాలి కొట్టేలా ఒక ఫ్యాను పెట్టండి. మెమ్‌టెస్ట్ నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఈ వేడి దానిలో బయటపడదు. అందుకే మెమ్‌టెస్ట్ అయ్యాక విండోస్‌లో ఓసీసీటీ, వై-క్రంచర్ లాంటి ప్రోగ్రాములతో మధ్యాహ్నం ఎండవేళ కూడా పరీక్షించండి.

కరెంటు సంగతి కూడా ఒక మాట. కేబినెట్‌ను తాకితే చిమచిమలాడుతుంటే ఆ ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. పాత ఫ్లాట్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా మూడోదానికి తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. బ్లూ స్క్రీన్ ఏదీ లేకుండా, దీపం ఆర్పినట్టు యంత్రం ఆరిపోతుంటే అది కరెంటు, ఎస్ఎంపీఎస్ సమస్య అయ్యే అవకాశం ఎక్కువ. మీరు రాసినదాంట్లో ఆ లక్షణం లేదు.

ఇదే తరహా లక్షణాలతో ఇంటెల్ యంత్రాలున్న పాఠకులు కూడా ఉంటారు. 13, 14వ తరం కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నిటికి ఎక్కువ వోల్టేజీ వల్ల ప్రాసెసరే క్రమంగా దెబ్బతినే లోపం ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. బయోస్ ద్వారా ప్రాసెసర్‌కు అందే సవరణ అయిన కొత్త మైక్రోకోడ్ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అలాంటివాళ్లు ముందు బయోస్ కొత్తది వేసుకుని, ఆ తర్వాతే ర్యామ్‌ను అనుమానించాలి.

సరే, 3600 దగ్గర స్థిరంగా ఉందనుకుందాం. తర్వాత ఏమిటి? మీ ముందు రెండు దారులున్నాయి. నాలుగింటినీ ఉంచుకుని తక్కువ వేగంతో సరిపెట్టుకోవడం ఒకటి. ఆటలు ఆడేవాళ్లకు ఈ వేగం తగ్గుదల బాగానే తెలుస్తుంది. మీ పనికి మాత్రం చాలకపోయింది ర్యామ్ పరిమాణం, వేగం కాదు. 32 జీబీ నిండిపోయి విండోస్ డిస్కును వాడుకునే దుస్థితి కంటే 64 జీబీ 3600 దగ్గర నడవడం ఎంతో నయం. కావాలంటే 4000, 4400, 4800 అని ఒక్కో మెట్టే ఎక్కి చూడండి. ప్రతి మెట్టు దగ్గరా పరీక్ష పూర్తిగా పెట్టాలి. తప్పు వచ్చిన మెట్టు నుంచి ఒకటి కాదు, రెండు మెట్లు దిగి స్థిరపడండి. చలికాలంలో నెగ్గిన సెట్టింగు మే నెలలో ఓడిపోతుంది, ఆ వెసులుబాటు ఉండాలి. ప్రాసెసర్‌లోని మెమొరీ కంట్రోలర్ భాగానికి అందే ఎస్ఓసీ వోల్టేజీ పెంచితే స్థిరపడుతుందని సలహాలు కనిపిస్తాయి. 2023లో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు కాలిపోయాక ఏఎండీ ఆ వోల్టేజీకి 1.3 వోల్టుల హద్దు పెట్టించింది. దాని దరిదాపులకు పోకండి. సంపాదన ఇచ్చే యంత్రం మీద ప్రయోగాలు వద్దు.

రెండో దారి, నాలుగింటినీ వదిలి 32 జీబీవి రెండున్న ఒకే పెట్టె కొనడం. దారికి ఒకే స్టిక్కు ఉంటుంది కాబట్టి 64 జీబీతో కూడా మళ్లీ 6000 దగ్గర నడిచే అవకాశం ఎక్కువ. కొనేముందు మీ మదర్‌బోర్డు కంపెనీ పరీక్షించిన ర్యామ్‌ల జాబితాలో ఆ మోడల్ నంబరు ఉందో లేదో చూడండి. ఆ జాబితాలో ఎన్ని స్టిక్కులతో పరీక్షించారో కూడా ఉంటుంది. కానీ 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. అందుకని మీకు నా సలహా మొదటి దారే. కొత్త జత కొని ఎన్నో రోజులు కాకపోతే, వాపసు తీసుకుని తేడా కడితే పెద్ద జత ఇస్తారేమో కొన్న దుకాణంలో అడగండి. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో కొని ఉంటే ఈ అడగడం నేరుగా వెళ్లి, మెమ్‌టెస్ట్ ఫొటోలు చూపించి అడగండి. ఫోనులో చెబితే విండోస్ మళ్లీ వేయమనే అంటారు.

ఒక స్టిక్కు నిజంగానే చెడిందని తేలితే, దాని మీది స్టిక్కరు పీకకండి, లోహపు కవచం ఊడదీయకండి, వారంటీ పోతుంది. జతగా కొన్నది జతగానే ఇవ్వాలి. ఒక్కటే ఇచ్చి ఒక్కటే మార్చుకుంటే మళ్లీ వేర్వేరు చిప్పుల బాధ మొదలవుతుంది. సీరియల్ నంబర్లు ఫొటో తీసి, బిల్లు కాపీతో పాటు దగ్గర పెట్టుకోండి. చాలా ర్యామ్ కంపెనీలు సుదీర్ఘమైన వారంటీ ఇస్తాయి, కొన్ని జీవితకాలం అంటాయి. బిల్లు లేకపోతే ఆ మాటకు విలువ ఉండదు. దుకాణం, కంపెనీ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా బ్లూ స్క్రీన్ వస్తే మళ్లీ రాయండి. రాసేటప్పుడు మదర్‌బోర్డు పూర్తి మోడల్ పేరు, బయోస్ వెర్షన్, నాలుగు స్టిక్కుల లేబుళ్ల ఫొటోలు, మెమ్‌టెస్ట్ ఎర్ర వరుసల ఫొటో, ఏ స్లాటులో ఏది ఉండగా వచ్చాయో ఆ వివరం జతచేయండి. ఈలోగా చేతిలో ఉన్న పెళ్లి ఆర్డర్ల కోసం స్నేహితుడి ల్యాప్‌టాప్ అయినా అరువు తెచ్చుకుని కార్డులను దానిలోకే దించుకోండి.